ఏ యుద్ధ విమానం కొనాలి? సెమిలిగుడ స్పేర్ల కొట్టు నుంచి ఒక లెక్క

సెమిలిగుడలో నాది లారీలు, జీపుల విడిభాగాల కొట్టు. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కి వచ్చే బండిలో ఏదో ఒకటి ఊడకుండా ఉండదు కాబట్టి నా వ్యాపారానికి ఢోకా లేదు. కొత్త బండి కొనాలనుకునేవాళ్లు కూడా సలహాకు నా దగ్గరికే వస్తారు. రంగు గురించి, మైలేజీ గురించి, సీటు మెత్తదనం గురించి అరగంట చెబుతారు. అంతా విని నేను ఒకటే అడుగుతాను: "దీని క్లచ్ ప్లేటు ఎక్కడ దొరుకుతుంది?" విజయనగరంలో దొరికితే మర్నాటికి బండి రోడ్డెక్కుతుంది. విశాఖపట్నం వెళ్లాలంటే ఇంకో రోజు. ఎక్కడో దూరాన ఉన్న అమ్మకందారుడికి బుద్ధి పుట్టినప్పుడే వస్తుందంటే మాత్రం, ఆ బండి వాకిట్లో కోళ్లకు గూడవుతుంది. బ్యాంకు వాయిదా నెలనెలా కట్టవలసిందే.

ఇలాంటి మనిషికి యుద్ధ విమానాలతో పనేమిటని అడగవచ్చు. నా కొట్టు నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే సునాబెడ. 1964లో మిగ్-21 విమానాల ఇంజన్లు తయారు చేయడానికి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం పెట్టిన ఊరు. మా నాన్న బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి ఈ కొండెక్కి వచ్చి, అక్కడే టర్నరుగా పనిచేసి రిటైరయ్యారు. మా ఇంట్లో భోజనాల దగ్గర బంధువుల కబుర్ల కన్నా టర్బైన్ల కబుర్లే ఎక్కువ నడిచేవి. ఇప్పటికీ సాయంత్రమైతే నా కొట్టు బెంచీ మీద రిటైరైన ఫిట్టర్లు, లారీ యజమానులు, సెలవులకు వచ్చిన పిల్లలు చేరతారు. గుణుపురంలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు మొన్న అక్కడే అడిగాడు: "మావయ్యా, ఫ్రాన్స్ రఫేలా, రష్యా సుఖోయా, అమెరికా ఎఫ్-35నా, మన తేజసా? ఏది కొనాలో తేల్చి చెప్పు."

తేల్చి చెప్పే ముందు నా స్వార్థం బయట పెట్టాలి. 2024 సెప్టెంబరులో రక్షణ శాఖ సుఖోయ్-30 విమానాల కోసం 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లకు 26,000 కోట్ల రూపాయలకు పైగా విలువైన ఒప్పందం చేసుకుంది. అవి తయారయ్యేది సునాబెడలో, ఏడాదికి 30 చొప్పున ఎనిమిదేళ్ల పాటు. ఆ జీతాల మీదే మా దగ్గర కిరాణా కొట్లు, ట్యూషన్లు, చీటీలు, నా క్లచ్ ప్లేట్లు అన్నీ నడుస్తాయి. రష్యా యంత్రం ఏది వచ్చినా మాకు పని దొరుకుతుందన్న ఆశ ఉంటుంది. అందువల్ల ఇక్కడ రష్యాను నేను మెచ్చుకుంటే చిటికెడు తగ్గించి చదవండి. తప్పుపడితే కాస్త బరువు కలిపి చదవండి.

స్వార్థం మా ఊరికి కొత్తేమీ కాదు. మిగ్ తయారీ పనిని మూడు చోట్లకు పంచారు: విమానపు శరీరం నాసిక్‌కు, ఇంజను సునాబెడకు, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదుకు. అప్పటి రక్షణ మంత్రి వై.బి. చవాన్ నాసిక్ నుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు. సునాబెడకు ఇంజను రావడంలో బిజూ పట్నాయక్ పట్టుదల ఎంత ఉందో ఒడిశాలో ఎవరినడిగినా చెబుతారు. విమానాల కొనుగోలులో రాజకీయం ఉండకూడదని టీవీలో ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. అది లేకపోతే మా నాన్న బొబ్బిలి దగ్గరే వ్యవసాయం చేసుకుంటూ ఉండేవారు.

ఇక అవసరం సంగతి. వైమానిక దళానికి మంజూరైన యుద్ధ విమాన స్క్వాడ్రన్లు, అంటే విమానాల జట్లు, 42. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు పలికాక మిగిలినవి 29. అటు చైనా దగ్గర రాడారుకు సులువుగా చిక్కని జె-20 విమానాలు వరుసగా తయారవుతున్నాయి. ఇటు పాకిస్తాన్ చైనా నుంచే జె-10సి తెచ్చుకుంది. కాబట్టి కొనాలా వద్దా అన్న చర్చ లేదు. ఎవరి దగ్గర కొనాలి, ఎన్ని కొనాలి, కొన్న తరువాత పగ్గం ఎవరి చేతిలో ఉంటుంది అన్నవే మిగిలిన ప్రశ్నలు.

పగ్గం ఎవరి చేతిలో

విమానం వేగం, ఎత్తు, మోసే బరువు పట్టికలుగా వేసి పోల్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పట్టికలు అబద్ధాలు కావు. కానీ అవి అమ్మేవాడు ఇచ్చిన కాగితాలు. వాటిలో కనిపించని గడి ఒకటుంది: అమ్మినవాడికి మన మీద కోపం వస్తే ఈ విమానం ఎన్నాళ్లు ఎగురుతుంది?

పాకిస్తాన్ అనుభవం చూడండి. అమెరికాకు అంతకాలం ఆప్తమిత్రంగా ఉండి, ఎఫ్-16లకు డబ్బు కట్టింది. 1990లో అణు కార్యక్రమం సాకుతో ప్రెస్లర్ సవరణ అనే అమెరికా చట్టాన్ని ప్రయోగించడంతో 28 విమానాలు ఆగిపోయాయి. తయారైన విమానాలను అరిజోనా ఎడారిలో నిలబెట్టారు. కట్టిన డబ్బు లెక్క తేలేసరికి 1998 అయింది. తిరిగి ఇచ్చింది కొంత నగదుగా, కొంత గోధుమలతో సహా సరుకుల రూపంలో. యుద్ధ విమానం కొనబోయి గోధుమలు తెచ్చుకున్న దేశం చరిత్రలో ఇంకోటి ఉందో లేదో. అఫ్ఘానిస్తాన్ నుంచి సోవియట్ సేనలు వెళ్లిపోయాక అమెరికాకు పాకిస్తాన్‌తో పని తగ్గింది. ఏరు దాటాక తెప్పతో పనేముంది?

ఇరాన్ షా కాలంలో 79 ఎఫ్-14 విమానాలు తీసుకుంది. 1979 విప్లవం తరువాత స్పేర్లు ఆగిపోయి, ఒక విమానం ఎగరడానికి ఇంకో విమానాన్ని విప్పుకోవలసి వచ్చింది. మా వీధిలో దీన్ని "ఒక బండి మింగి ఇంకో బండి బతకడం" అంటాం. 1982లో బ్రిటన్‌తో ఫాక్‌లాండ్స్ యుద్ధం వచ్చినప్పుడు అర్జెంటీనా చేతిలో ఉన్న గాలిలోంచి వదిలే ఎగ్జోసె క్షిపణులు అయిదే. మిగతావి ఫ్రాన్స్ ఆపేసింది. ఫ్రాన్సేదో మచ్చలేని స్నేహితురాలని అనుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. అంతకన్నా విచిత్రం తరువాత జరిగింది. అదే అర్జెంటీనా కొరియా వాళ్ల ఎఫ్‌ఏ-50 కొనబోతే, అందులో కొన్ని బ్రిటిష్ భాగాలు ఉన్నాయని బ్రిటన్ అడ్డు చెప్పింది. 2020లో కొరియా కంపెనీ ఆ మాటే రాసి పంపింది. యుద్ధం జరిగి 38 ఏళ్లయినా పగ్గం లాగే చెయ్యి అలసిపోలేదు.

మన దగ్గర 1998లో పోఖ్రాన్ పరీక్షల తరువాత ఇదే జరిగింది. తేజస్ నియంత్రణ సాఫ్ట్‌వేరు కోసం అమెరికాలో పనిచేస్తున్న మన ఇంజనీర్లను ఇంటికి పంపేశారు. నౌకాదళం సీ కింగ్ హెలికాప్టర్లు బ్రిటన్‌వి. అయినా అమెరికా ఆంక్షల వల్ల విడిభాగాలు అందక నేలకు అతుక్కుపోయాయి. మరి రష్యా? 1962 అక్టోబరులో చైనాతో మనకు యుద్ధం వచ్చినప్పుడు, క్యూబా సంక్షోభంలో చైనా మద్దతు కావలసిన మాస్కో మనకు మిగ్‌ల అమ్మకాన్ని కొంతకాలం తొక్కిపట్టింది. గాలి మారాకే మిగ్‌లు వచ్చాయి.

వీళ్లెవరినీ నేను తిట్టడం లేదు. ఎవరి దేశం కోసం వాళ్లు పనిచేశారు. నేను కూడా అప్పు తీర్చని లారీ యజమానికి గేర్‌బాక్సు ఇవ్వను కదా. చిక్కల్లా అమ్మేవాడికి స్వార్థం ఉందని మరిచిపోయి, స్నేహానికి ముగ్ధుడై కొనేవాడితోనే.

రఫేల్: ఖరీదైన నమ్మకం

126 విమానాల టెండరు 2007లో మొదలైంది. 2012లో రఫేల్ తక్కువ ధర పలికిందని తేలింది. 2015 ఏప్రిల్‌లో ఆ బేరం పక్కకు పోయి, నేరుగా 36 కొంటామని ప్రధాని పారిస్‌లో ప్రకటించారు. 2016లో సుమారు 59,000 కోట్ల రూపాయలకు ఒప్పందం జరిగింది. 2022 చివరికి మొత్తం 36 వచ్చేశాయి. చెప్పిన మాటకు అటూ ఇటూగా సరుకు అందింది. ఈ రంగంలో అది చిన్న విషయం కాదు. 2025 ఏప్రిల్‌లో నౌకాదళం కోసం మరో 26 కొన్నాం.

దీని బలం ఏమిటంటే, ఇంజను దగ్గర నుంచి రాడారు వరకు ముఖ్యమైనవన్నీ ఫ్రాన్సువే. వాషింగ్టన్‌లో ఎవరికైనా కోపం వస్తే రఫేల్ ఆగదు. 1998లో ఫ్రాన్స్ మన మీద ఆంక్షలు పెట్టలేదు. మరుసటి ఏడాది కార్గిల్ కొండల మీద ఫ్రాన్స్ మిరాజ్-2000లు పని చేయగలిగాయంటే అదీ ఒక కారణం. ఫ్రాన్స్‌కు ఇందులో లాభం కూడా స్పష్టంగా ఉంది. తన సైన్యం ఆర్డర్లు మాత్రమే ఉంటే రఫేల్ చేసే డసో కంపెనీ కర్మాగారం నిండదు. ఎగుమతి లేకపోతే రఫేల్ లేదు. కొనేవాడు ఎంత అవసరమో అమ్మేవాడికి తెలిసిన బేరం నాకు ఇష్టం. అక్కడ మాట చెల్లుతుంది.

బలహీనత ధర. ఇక్కడ ఒక హెచ్చరిక. 59,000ను 36తో భాగిస్తే ఒక్కోటి 1,600 కోట్లు దాటుతుంది. తేజస్ మార్క్-1ఏ మొదటి 83కు 45,696 కోట్లు, అంటే ఒక్కోటి 550 కోట్లు. "మూడు తేజస్‌లకు ఒక రఫేల్" అని బెంచీ మీద పందాలు కాస్తారు. ఈ భాగహారం తప్పు. రఫేల్ మొత్తంలో క్షిపణులు, స్పేర్లు, భారత్ కోసం చేసిన మార్పులు, నిర్వహణ హామీ కలిసి ఉన్నాయి. తేజస్ ఒప్పందంలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో విడిగా చూడాలి. టైర్లతో సహా చెప్పిన ధరను, టైర్లు లేకుండా చెప్పిన ధరను పక్కపక్కన పెట్టి పోల్చేవాడికి నేను బండి అమ్మగలను, సలహా ఇవ్వలేను.

2018లో మొదలై ఏళ్ల తరబడి నలిగిన 114 విమానాల ప్రతిపాదనలో కూడా రఫేల్ పేరే ముందు వినిపిస్తూ వచ్చింది. దాని శరీర భాగాలు హైదరాబాదులో తయారు చేయడానికి 2025 జూన్‌లో టాటా వాళ్లు ఒప్పందం చేసుకున్నారు. రఫేల్‌లో ఉండే ఎం-88 ఇంజన్ల మరమ్మతు కేంద్రమూ హైదరాబాదుకే వెళ్తోంది. తెలుగువాడిగా సంతోషం, సునాబెడవాడిగా కాస్త అసూయ. ఇంత చెప్పినా, శరీరం చేయడం వేరు, గుండె చేయడం వేరు.

ఎఫ్-35: అద్దె ఇల్లు

2025 ఫిబ్రవరిలో ట్రంప్ మనకు ఎఫ్-35లు ఇచ్చే దారి వేస్తున్నామన్నారు. అదే నెలలో బెంగళూరు యెలహంక ప్రదర్శనలో ఎఫ్-35, రష్యా కొత్త సుఖోయ్ సు-57 ఒకే చోట నిలబడ్డాయి. ఫొటోకు బాగుంది. విమానంగా ఎఫ్-35ను వంక పెట్టడానికి నాకు చదువు చాలదు. కానీ కొనుగోలుగా అది అద్దె ఇల్లు లాంటిది. మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి. సాఫ్ట్‌వేరు, నిర్వహణ వ్యవస్థ, మార్పులు అన్నీ వాళ్ల తాళంచెవి కిందే.

టర్కీ సంగతి తెలిస్తే చాలు. ఆ దేశం బయటి గిరాకీ కాదు, ఎఫ్-35 ప్రాజెక్టులో భాగస్వామి. భాగాలు తయారు చేసింది, 140 కోట్ల డాలర్ల దాకా కట్టింది. రష్యా ఎస్-400 క్షిపణి వ్యవస్థ తెచ్చుకుందని 2019లో బయటికి నెట్టారు. మనం అదే ఎస్-400 కోసం 2018లోనే ఒప్పందం చేసుకున్నాం. ఆ రెండూ ఒకే వరలో ఇమడవు. ధర విషయంలో కూడా స్విట్జర్లాండ్‌ను అడగండి. 36 విమానాలు ఖాయం ధరకు కొన్నామని అక్కడి ప్రభుత్వం ప్రజలకు చెప్పింది. 2025లో అమెరికా అలాంటి ఖాయం ధర ఏమీ లేదంది.

2025 ఆగస్టులో మన సరుకుల మీద సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగం రష్యా చమురు కొన్నందుకే. చమురు ఎవరి దగ్గర కొనాలో చెప్పేవాడు విమానం ఎప్పుడు ఎగరాలో చెప్పకుండా ఉంటాడా? నా లెక్కలో ఎఫ్-35 పోటీలోనే లేదు.

సు-57: మా ఊరి మోహం

కొట్టు బెంచీ మీద దీనికే ఓట్లు ఎక్కువ. కారణం తెలిసిందే. సు-57లో ఇప్పుడున్న ఏఎల్-41ఎఫ్1 ఇంజను సునాబెడలో చేసే ఏఎల్-31 కుటుంబం నుంచి పెరిగినదే. "అన్న ఇంజను చేసిన చేతికి తమ్ముడి ఇంజను ఎంత సేపు?" అంటారు మా నాన్న మిత్రులు. రష్యా పాత చుట్టం. మొత్తం 272 సుఖోయ్-30లకు ఆర్డరిచ్చాం. అందులో ఎక్కువ నాసిక్‌లోనే తయారయ్యాయి. పడిపోయిన వాటి స్థానంలో 2024 డిసెంబరులో ఇంకో 12 చేయమన్నాం.

కానీ ఈ పెళ్లి ఒకసారి తప్పిపోయింది. ఈ విమానాన్నే మన అవసరానికి మలచుకోవాలని 2010లో ఒప్పందం చేసుకుని 29.5 కోట్ల డాలర్లు పెట్టాం. మన వాటా పని, సాంకేతికత, ధర కుదరక 2018లో బయటికి వచ్చేశాం. అప్పటి అభ్యంతరాలు ఏవి తీరాయో చెప్పకుండా మళ్లీ కొందామంటే నాకు మింగుడు పడదు. పైగా ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా కర్మాగారాలకు తమ సొంత అవసరమే ముందు. మనకు రావలసిన అయిదు ఎస్-400 స్క్వాడ్రన్లలో చివరి రెండు గడువు దాటి ఆలస్యమయ్యాయి. అది మోసం కాదు, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాడు ఊరి పెళ్లికి వంటపాత్రలు ఇవ్వలేకపోవడం. 1991లో సోవియట్ యూనియన్ ముక్కలైనప్పుడు ఏ బోల్టు ఏ కొత్త దేశంలో ఉందో వెతుక్కున్న రోజులు మా నాన్న తరం మరిచిపోలేదు.

చైనా మీద ఆధారపడవలసిన స్థితి రష్యాకు పెరిగిన కొద్దీ, 1962 అక్టోబరు మళ్లీ వస్తుందేమోనన్న అనుమానం కూడా నాకుంది. ఇది నా అనుమానమే, రుజువు కాదు.

తేజస్: ఇంటి బిడ్డ, అరువు గుండె

ఈ విమానం గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇందులో మనవాళ్లున్నారు. తేజస్ కార్యక్రమాన్ని నడిపిన కోట హరినారాయణ మన ఒడిశాలోని బరంపురంలో పుట్టారు. ఆంక్షలతో అమెరికా తలుపు వేశాక, సాఫ్ట్‌వేరును ఇక్కడే పూర్తి చేసుకుని 2001 జనవరి 4న తేజస్‌ను గాలిలోకి లేపారు. సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లం ఇటు ఆంధ్రకూ అటు ఒడిశాకూ చెందకుండా పోతామన్న బాధ ఉన్న చోట, ఇలాంటి పేరు తలుచుకోవడం నాకు ఇష్టం.

2021లో 83, 2025 సెప్టెంబరులో 62,370 కోట్లకు మరో 97 మార్క్-1ఏ విమానాలకు ఆర్డరు ఇచ్చారు. ఆ రెండో విడతలో 64 శాతానికి పైగా స్వదేశీ అంటున్నారు. రాడారు మార్చుకోవచ్చు, మన క్షిపణి తగిలించుకోవచ్చు, ఎవరినీ బతిమాలనక్కరలేదు. ఆ స్వేచ్ఛ రఫేల్‌లో కూడా పూర్తిగా దొరకదు.

మరి మిగతా శాతంలో ఏముంది? గుండె ఉంది. తేజస్ ఎగిరేది అమెరికా జీఈ కంపెనీ ఎఫ్-404 ఇంజనుతో. 2021లో 99 ఇంజన్లకు ఆర్డరిస్తే, మూతపడిన ఉత్పత్తి వరుసను మళ్లీ తెరిచి మొదటి ఇంజను ఇచ్చేసరికి 2025 మార్చి అయింది. 2024 మార్చిలో మొదలు కావలసిన విమానాల అప్పగింత 2025 ముగిసినా మొదలు కాలేదు. ఆలస్యానికి ఇంజను ఒక్కటే కారణం కాదు, మన వైపు పరీక్షలు, పరికరాల అమరిక కూడా సాగాయి. అయినా ఇంజన్లు లేక విమాన శరీరాలు వరుసగా నిలబడిన దృశ్యం చాలు. అంత సుంకాల గొడవ నడుస్తుండగానే 2025 నవంబరులో మరో 113 జీఈ ఇంజన్లకు సంతకం చేశాం. వేరే దారి లేదు మరి. పైలట్ బయటికి దూకే సీటు బ్రిటిష్ కంపెనీది. రేపు మనం తేజస్‌ను ఎవరికైనా అమ్మబోతే అర్జెంటీనా కథ గుర్తుకు రావలసిందే.

ఈ గుండె జబ్బు కొత్తది కాదు. జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ మన కోసం రూపొందించిన మారుత్ యుద్ధ విమానం 1961లోనే ఎగిరింది. చక్కని విమానం, తగిన ఇంజను దొరకలేదు. తగిన ఇంజను చేయడానికి బ్రిటన్ వాళ్లు డబ్బు పెట్టమన్నారు, మనం పెట్టలేదు. ఉన్న ఆర్ఫియస్ ఇంజన్లతోనే 147 విమానాలు చేసి ముగించాం. తేజస్ కోసం మనమే చేయదలచిన కావేరీ ఇంజనుకు 1989లో మంజూరు చేసింది సుమారు 383 కోట్లు. కావలసిన తోపుడు బలం రాక 2008లో తేజస్ నుంచి దాన్ని విడదీశారు. ఆ ఇంజనును గాలిలో పరీక్షించడానికి మనకు తగిన విమానమే లేక రష్యా తీసుకెళ్లారు. సొంత ఇంజను పరీక్షకు పరాయి గడప తొక్కవలసి వచ్చింది.

అరవై ఏళ్లు ఇంజన్లు చేసి ఏం నేర్చుకున్నాం?

ఇది మా ఊరివాళ్లకు నచ్చని ప్రశ్న, అయినా అడగాలి. సునాబెడ మిగ్-21 ఇంజను చేసింది, మిగ్-27ది, మిగ్-29ది, సుఖోయ్‌ది చేసింది. తయారీలో మా వాళ్లకు సాటి లేదని నేను ఎక్కడైనా చెబుతాను. కానీ అవన్నీ ఇంకొకరి గీతలు. నా కొట్టు పక్క షెడ్డులో మేస్త్రి కళ్లకు గంతలు కట్టినా గేర్‌బాక్స్ విప్పి బిగిస్తాడు. గేరు పన్ను ఆ కోణంలోనే ఎందుకుందని అడిగితే తల గోక్కుంటాడు. లైసెన్సు తయారీ "ఎలా" అన్నది నేర్పుతుంది. "ఎందుకు" అన్నది అమ్మేవాడు తన దగ్గరే పెట్టుకుంటాడు. జెట్ ఇంజనులో టర్బైన్ బ్లేడు చుట్టూ ఉండే వేడి, ఆ లోహం కరిగే వేడి కన్నా ఎక్కువ. ఒకే స్ఫటికంగా పోతపోసి, వెంట్రుక లాంటి రంధ్రాల్లోంచి గాలి పంపి దాన్ని కాపాడతారు. ఆ రంధ్రం ఎక్కడ, ఏ వంపులో ఉండాలన్నదే అసలు ఆస్తి. దాన్ని ఎవరూ స్నేహానికి ఇవ్వరు, నేనైనా ఇవ్వను.

కొత్త 240 ఇంజన్లలో స్వదేశీ భాగం సగటున 54 శాతానికి పైగా, చివరికి 63కు చేరుతుందని చెప్పారు. ఇలాంటి వార్త చదివినప్పుడు శాతం చూసి చప్పట్లు కొట్టకండి. మిగిలిన 37లో ఏమున్నాయని అడగండి. వందలో తొంభై మనవే అయినా, ఆ పదీ బ్లేడ్లయితే పగ్గం ఇంకా అక్కడే ఉంది. "సాంకేతికత బదిలీ" అన్న మాట వస్తే, మార్పు చేసే హక్కు వచ్చిందా, చేసే హక్కు మాత్రమే వచ్చిందా అని చూడండి. అప్పగింత తేదీ చూసి, అదే కంపెనీ గత ఒప్పందంలో చెప్పిన తేదీ పక్కన రాసుకోండి. ఈ మూడూ చూస్తే సగం వార్తలు వాటంతటవే పలచబడతాయి.

రాడారుకు సులువుగా చిక్కకుండా మనవాళ్లు రూపొందిస్తున్న ఆమ్కా అనే అయిదో తరం విమానం గురించి మేనల్లుడికి ఉత్సాహం ఎక్కువ. 2024లో 15,000 కోట్లు మంజూరు చేశారు. తొలి విమానాలకు జీఈ ఎఫ్-414 ఇంజనే. తరువాతి వాటికి ఫ్రాన్స్ సాఫ్రాన్ కంపెనీతో కలిసి 120 కిలోన్యూటన్ల తోపుడు బలం ఉన్న ఇంజను చేస్తామంటున్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అనను గానీ, దీన్ని నమ్ముకుని ఇప్పటి కొనుగోళ్లు ఆపకూడదు. ఆ ఇంజను ఒప్పందంలో గీతల మీద హక్కు మనదని రాసి ఉంటే మాత్రం, ఇప్పటివరకు కొన్న విమానాలన్నిటి కన్నా అదే పెద్ద కొనుగోలు అంటాను.

మేనల్లుడు అడిగిన ప్రశ్నకు నా వరుస ఇది. తేజస్ ఆర్డరు తగ్గించకూడదు, ఆలస్యమైనందుకు తిట్టాలి గానీ విడిచిపెట్టకూడదు. ఖాళీ పూడ్చడానికి రఫేల్ తీసుకోవాలి, కానీ మొత్తం 114 ఒకే సంతకంతో కాదు. మొదటి విడత అందిన తీరు చూసి రెండోది. ఒకేసారి అంత డబ్బు కట్టేస్తే ఫ్రాన్స్‌కు మన అవసరం తీరిపోతుంది, మన మాట చెల్లే రోజులు పోతాయి. ఉన్న సుఖోయ్‌లను రాడారుతో, క్షిపణులతో బాగుచేసుకోవాలి. దాని వల్ల సునాబెడకు కూడా పని ఉంటుంది. సు-57 వద్దు. తప్పదనుకుంటే రెండు స్క్వాడ్రన్లకు మించకూడదు. ఎఫ్-35 అసలు వద్దు. రెండు స్క్వాడ్రన్ల రఫేల్ డబ్బు మిగిల్చి అయినా సరే, ఇంజన్లను గాలిలో పరీక్షించే సొంత విమానం, బ్లేడ్లు పోతపోసే సొంత కొలిమి ముందు కట్టాలి. దానికి సునాబెడ కన్నా తగిన చోటు నాకు కనిపించదు. ఇక్కడ నా స్వార్థం మళ్లీ తల ఎత్తింది, చూసుకోండి.

ఈ వరుసకు మా నాన్న స్నేహితుడు, రిటైరైన ఫోర్‌మన్ గారు, ఒప్పుకోలేదు. "240వ ఇంజను గేటు దాటాక ఇక్కడి పిల్లలు ఏం చేయాలి? కొలిమి కడతారని నువ్వంటున్నావు. సుఖోయ్ తమ్ముడైతే కళ్ల ముందు ఉంది" అన్నారు. ఆయన మాటలో తప్పు పట్టుకోలేకపోయాను. వాదన ఇంకా సాగేదే, కానీ సుంకి ఘాటీలో యాక్సిల్ విరిగిందని ఒక లారీ డ్రైవరు ఫోను చేశాడు. ఆ రకం యాక్సిల్ నా దగ్గర లేదు. విజయనగరానికి ఫోను కలిపాను.